తాగుడు మానేసినా ఇంట్లో నమ్మడం లేదన్న ప్రశ్నకు సమాధానం

నమస్కారమండీ. మీరు తాగుడు మానేసి నాలుగు నెలలైనా, గుంటూరు మిర్చి యార్డు నుంచి ఆలస్యంగా వచ్చిన రాత్రి మీ భార్య తలుపు తీయగానే మీ ముఖంలోకి పరీక్షగా చూస్తున్నారని, అది మీకు అవమానంగా ఉందని రాశారు. ఆ చూపులో ఉన్నది అనుమానం కన్నా భయమని నా అభిప్రాయం. ఇన్నేళ్లూ ఆ రాత్రి ఎలా గడుస్తుందో ఆమె ఆ గుమ్మం దగ్గరే తేల్చుకోవలసి వచ్చింది. దీర్ఘకాలం తాగినవారికి ఎదుటివారి ముఖంలోని భావాలను పోల్చుకునే శక్తి మందగించవచ్చు, మానేసిన తరువాత కూడా అది వెంటనే తిరిగి రాదు కనుక, మీకు కోపంగా కనిపించేదంతా కోపం కాకపోవచ్చు.

పిల్లలు దగ్గర లేని ఒక సాయంత్రం, "ఆ రోజుల్లో నీకు దేనికి ఎక్కువ భయం వేసేది?" అని అడగండి. ఆమె చెబుతున్నంతసేపూ సంజాయిషీ ఇవ్వకండి, "ఇప్పుడు మానేశాను కదా" అనకండి. అన్నిటికన్నా కష్టమైనది ఇదే. చెప్పడానికి ఆమె ఇష్టపడకపోతే బలవంతం చేయవద్దు. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే సంఘం) వారు పాటించే 12 మెట్లలో ఎనిమిదవది తాము బాధపెట్టినవారి జాబితా రాసుకోమంటుంది. తొమ్మిదవది, వారికి మరింత హాని కలగదనుకున్నప్పుడు, నేరుగా సరిదిద్దుకోమంటుంది. ఆలస్యమయ్యే రోజున ముందుగా ఫోన్ చేసి చెప్పడం కూడా అటువంటి దిద్దుబాటే. మళ్లీ తాగాలనిపిస్తే మత్తు అలవాట్లు మానడానికి సాయపడే జాతీయ హెల్ప్‌లైన్ 14446 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు.