మురుగు కాలువ పొంగుతుంటే ఎవరికి చెప్పాలి?

ఒంగోలులో మీ వీధిలో మురుగు పొంగుతోంది, ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ కదలడం లేదు అంటున్నారు. నోటిమాట గాలికి పోతుందండీ. వార్డు సచివాలయంలో రాసిచ్చి, రసీదు తీసుకోండి. తేదీలతో ఫొటోలు, వీధివాళ్ల సంతకాలు జతచేస్తే బలం. అయినా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టండి. "పరిష్కరించాం" అని మెసేజ్ వచ్చి, కాలువ మాత్రం అలాగే ఉంటే (మామూలే!) అర్జీని మళ్లీ తెరవమనండి.

"నిధులు లేవు" అంటే తలూపి వచ్చేయకండి. మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ కేసులో ఆ సాకు చెల్లదని సుప్రీంకోర్టు 1980లోనే తేల్చింది. ఆ కేసు నడిచింది పాత సీఆర్‌పీసీ (నేర విచారణ చట్టం) 133వ సెక్షన్ కింద, అంటే జనానికి ఇబ్బంది కలిగించేవాటిని తొలగించమని ఆదేశించే సెక్షన్. ఇప్పుడది, ఆ చట్టం స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 152వ సెక్షన్. దాని కింద ఆర్డీఓకు దరఖాస్తు చేయొచ్చు. ఖర్చు తక్కువ, ఓపిక మాత్రం ఎక్కువే కావాలి.