బ్యాటరీ ఫ్యాక్టరీలో బ్లేడ్ల పని: మెకానికల్ వాళ్లకు ఎదుగుదల ఉంటుందా?

ప్రశ్న: మెకానికల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. లిథియం అయాన్ బ్యాటరీల తయారీలో ఎలక్ట్రోడ్ స్లిటింగ్ (పూత పూసిన రేకును పట్టీలుగా కోసే) విభాగంలో ట్రైనీ పోస్టుకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. కోత బ్లేడ్లు ఎంచుకోవడం, మార్చడం, పదును పెట్టించడం చూసుకోవాలట. బ్యాటరీ అంటే కెమిస్ట్రీ వాళ్ల రంగం కదా, అందులో బ్లేడ్లు చూసుకునే పనితో ఎదగగలనా? మన్నికైన బ్లేడును ఎలా ఎంచుకుంటారని అడిగితే ఏం చెప్పాలి?

జవాబు: తప్పకుండా వెళ్లండి. బ్యాటరీ లోపల జరిగేది రసాయన చర్యే. కానీ ఆ పదార్థాన్ని రేకు మీద పూయడం, ఆరబెట్టడం, రోలర్ల మధ్య నొక్కడం, సన్నని పట్టీలుగా కోయడం, చుట్టడం అన్నీ యంత్రాల పనే. కోతకు పైన ఒకటి, కింద ఒకటి తిరిగే గుండ్రని బ్లేడ్లుంటాయి, రేకు వాటి మధ్య నుంచి వెళ్తూ తెగుతుంది. వీటిలో కోత దగ్గర జరిగే పొరపాటు చాలా చిన్నగా కనిపిస్తుంది, చేసే నష్టం మాత్రం పెద్దది.

కొలతలు చూస్తే ఎందుకో అర్థమవుతుంది. ఆనోడ్‌లోని రాగి రేకు మందం సాధారణంగా 6 నుంచి 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), క్యాథోడ్‌లోని అల్యూమినియం రేకు 10 నుంచి 20. ఈ రెండు ఎలక్ట్రోడ్లను విడదీసే సెపరేటర్ కూడా చాలా సెల్స్‌లో 10 నుంచి 20 మైక్రాన్లే. కోసిన అంచున లేచే లోహపు ముల్లును బర్ అంటారు. అది సెపరేటర్ మందాన్ని దాటిందంటే దాన్ని గుచ్చి అవతలి ఎలక్ట్రోడ్‌ను తాకగలదు. అప్పుడు సెల్ లోపలే షార్ట్ అయి వేడెక్కుతుంది. అందుకే ఇక్కడ బ్లేడు విరిగేదాకా ఆగరు. బర్ నిర్ణయించిన హద్దు దాటిన మీటరు దగ్గరే ఆ అంచు ఆయుష్షు తీరినట్టు లెక్క.

ఇక ఇంటర్వ్యూ ప్రశ్న. 'అన్నిటికంటే గట్టి బ్లేడు తీసుకుంటాను' అనకండి, అక్కడే చాలామంది తప్పుతారు. ఈ పనికి ఎక్కువగా వాడేది టంగ్‌స్టన్ కార్బైడ్. కార్బైడ్ రేణువులను కోబాల్ట్ పట్టి ఉంచుతుంది. కోబాల్ట్ తగ్గితే గట్టిదనం, అరుగుదలను తట్టుకునే గుణం పెరుగుతాయి, కానీ అంచు పెళుసై పెచ్చులూడుతుంది. కోబాల్ట్ పెరిగితే దెబ్బకు ఓర్చుకుంటుంది, త్వరగా అరుగుతుంది. కోబాల్ట్ శాతం ఎంత ముఖ్యమో రేణువు పరిమాణం కూడా అంతే ముఖ్యం. 3 మైక్రాన్ల రేణువు ఒకటి ఊడిపోతే అంచులో అంత గుంట మిగులుతుంది. కోయాల్సిన రేకే 6 మైక్రాన్లున్నప్పుడు అది చిన్న గుంట కాదు. అందుకే ఒక మైక్రాన్ కంటే చిన్న రేణువులున్న గ్రేడు అడగాలి.

తర్వాత, ఏం కోస్తున్నామో చూడాలి. రాగి మెత్తగా సాగుతుంది, పదును కాస్త తగ్గినా తెగకుండా లాగబడి బర్ లేస్తుంది. క్యాథోడ్ పూతలోని ఆక్సైడ్ రేణువులు గట్టివి, అంచును అరగదీస్తాయి, పైగా అల్యూమినియం బ్లేడుకు అంటుకుంటుంది. రెండింటికీ ఒకే గ్రేడు సరిపోతుందనుకోకండి. ఒక లైను బ్లేడును ఇంకో లైనులో అస్సలు పెట్టకండి, రాగి పొడి క్యాథోడ్‌లోకి చేరితే ప్రమాదం. ఇనుముదీ అదే గొడవ. క్యాథోడ్ వోల్టేజీ దగ్గర ఇనుప రజను కరిగి, ఆనోడ్ మీద పేరుకుని, సెపరేటర్ గుండా పెరుగుతుంది. టూల్ స్టీల్ బ్లేడు చవక కదా అని ఎవరైనా అంటే ఈ మాట గుర్తుచేయండి.

గ్రేడు ఖాయం చేసే ముందు ట్రయల్ పెట్టాలి. ఒకే రేకు, ఒకే వేగం, పక్కపక్క లేన్లలో రెండు గ్రేడులు. నిర్ణీత మీటర్లకోసారి అంచు ముక్క తీసి మైక్రోస్కోప్ కింద బర్ ఎత్తు రాసుకోవాలి. ఉదాహరణకు ఒక గ్రేడు పదునుకు 1 లక్ష మీటర్లు కోసి, 5 సార్లు పదును పెట్టడానికి పనికొస్తే మొత్తం 6 లక్షల మీటర్లు. ఇంకోటి పదునుకు 1.5 లక్షలు కోసినా, లోతుగా పెచ్చులూడి 2 సార్లే పదునుకు నిలిస్తే 4.5 లక్షలే. మొదటి పదును చూసి మోసపోకూడదు. మీటరుకు ఎంత ఖర్చయిందో లెక్కగట్టాలి, బ్లేడు మార్చడానికి యంత్రం ఆపిన సమయం కూడా అందులో కలపాలి.

మిమ్మల్ని మిగతావాళ్ల నుంచి వేరుచేసేది మాత్రం బర్‌ను చదవగలగడం. బర్ పట్టీ పొడవునా ఒకేలా ఉంటే పదును అరిగిందని, లేదా సెట్టింగ్ తప్పిందని అనుమానించాలి. కొంత దూరం బాగా తెగి, కొంత దూరం చెడి, మళ్లీ బాగుపడుతూ అలలా వస్తుంటే బ్లేడు ఊగుతోంది. బ్లేడ్ల మధ్య దూరం ఉంచే రింగు (స్పేసర్) కింద 5 మైక్రాన్ల ధూళి ఇరుక్కున్నా చాలు, బ్లేడు అంచుకు వచ్చేసరికి ఆ వంకర ఇంకా పెరుగుతుంది. ఒకే చోట గుచ్చినట్టు, సమాన దూరాల్లో గుర్తు పడుతుంటే అంచు పెచ్చు ఊడింది. ఆ దూరాన్ని స్కేలుతో కొలవండి. 100 మిల్లీమీటర్ల వ్యాసమున్న బ్లేడు చుట్టుకొలత 314 మిల్లీమీటర్లు. పదును పెట్టగా వ్యాసం 98కి తగ్గితే గుర్తు 308కి ఒకటి పడుతుంది. పై బ్లేడు, కింది బ్లేడు వ్యాసాలు వేరైతే ఏది పెచ్చు ఊడిందో విప్పకుండానే చెప్పొచ్చు. ఒక చిక్కు ఉంది: పై బ్లేడును రేకు కంటే 3 శాతం వేగంగా తిప్పుతుంటే 314 కాస్తా 305 అవుతుంది. కాబట్టి ప్రతి బ్లేడుకూ నంబరు, ఇప్పటి వ్యాసం, కోసిన మీటర్లు రాసిన రిజిస్టరు ఉండాలి.

సెట్టింగ్‌లో తరచూ చేసే తప్పు, బర్ కనిపించగానే పక్క ఒత్తిడి (ఒక బ్లేడును ఇంకోదానికి పక్క నుంచి ఆనించే బలం) పెంచేయడం. కాసేపు బాగుంటుంది, తర్వాత అంచు ఇంకా త్వరగా పోతుంది. శుభ్రంగా తెగడానికి చాలినంత తక్కువ ఒత్తిడి, తక్కువ ఓవర్‌ల్యాప్ (పై బ్లేడు అంచు కింది బ్లేడు అంచును దాటి దిగే లోతు) నుంచే మొదలుపెట్టాలి. అసలు చాలా అంచులు కోత మొదలవకముందే చస్తాయి: ఇనుప బల్ల మీద పెట్టడం, బిగించేటప్పుడు బ్లేడుకు బ్లేడు తగలడం. కార్బైడ్‌కు డైమండ్ వీల్‌తోనే పదును పెడతారు. ఆ పొడి, ముఖ్యంగా కోబాల్ట్, ఊపిరితిత్తులకు చేటు. పొడిని బయటికి లాగేసే యంత్రం లేని చోట ఆ పనికి ఒప్పుకోకండి.

లేజర్ వస్తే ఈ పని పోతుందేమోనని అనుమానం రావచ్చు. లేజర్‌కు అరుగుదల లేదు గానీ అంచున వేడి ప్రభావం, కరిగి చిమ్మిన లోహపు చుక్కలు ఉంటాయి. వాటినీ మైక్రోస్కోప్ కింద చూసి కారణం చెప్పేవాళ్లు కావాలి. బ్లేడ్ల దగ్గర మొదలైనవాళ్లకు ప్రాసెస్ ఇంజినీరింగ్, క్వాలిటీ, బ్లేడ్ల కంపెనీల్లో అప్లికేషన్ ఇంజినీరింగ్ దారులు తెరిచే ఉంటాయి.

చదవాల్సినవి: పౌడర్ మెటలర్జీ, టాలరెన్సులు, కొలత పరికరాల్లో వచ్చే తేడాలను లెక్కగట్టే గణాంకాలు. ఎలక్ట్రోడ్ తయారీ క్రమం తెలిస్తే చాలు, కెమిస్ట్రీలో లోతు తర్వాత వస్తుంది. ఇంటర్వ్యూ లోపు ఒక చిన్న ప్రయోగం చేయండి. పలచని అల్యూమినియం రేకును కత్తెర మర బిగించి ఒకసారి, వదులు చేసి ఒకసారి కోయండి. రెండు అంచులనూ కాలేజీ ల్యాబ్ మైక్రోస్కోప్‌లో 100 రెట్లు పెంచి ఫొటోలు తీయండి. వదులుగా ఉన్నప్పుడు రేకు తెగే ముందు రెండు ఆకుల మధ్యకు ఎలా వంగిందో కనిపిస్తుంది. ఆ ఫొటోలు వెంట తీసుకెళ్లండి. మీరేమైనా అడుగుతారా అన్నప్పుడు, పదును పెట్టి వచ్చిన బ్లేడును తిరిగి బిగించే ముందు ఎవరు, దేనితో తనిఖీ చేస్తారో అడగండి.