సూక్ష్మజీవుల లైపేజ్‌ను ఎలా శుద్ధి చేస్తారు? అది ఏ కొవ్వును ఎంచుకుంటుందో ఎలా తెలుస్తుంది?

లైపేజ్ అంటే కొవ్వును తెంపే ఎంజైమ్. చాలా సూక్ష్మజీవులు లైపేజ్‌ను కణం బయటికే వదులుతాయి. కాబట్టి సెంట్రిఫ్యూజ్ చేసి పైన తేలిన ద్రవం తీసుకుంటే సగం పని అయినట్టే. అమ్మోనియం సల్ఫేట్ కలిపితే ప్రొటీన్లు అడుక్కి దిగుతాయి. తర్వాత క్రొమటోగ్రఫీ, అంటే ఇక్కడ ద్రవాన్ని ఒక పదార్థం నింపిన గొట్టం (కాలమ్) గుండా పంపి ప్రొటీన్లను వేరుచేయడం. లైపేజ్‌కు జిడ్డు ఉపరితలమంటే మక్కువ, అందుకే నీటిని ఇష్టపడని కాలమ్‌కు ఇట్టే అతుక్కుంటుంది. ఒక్కోసారి ఎంతకీ వదలదు, అప్పుడు కొంచెం డిటర్జెంట్ వాడాలి. మిల్లీగ్రాము ప్రొటీన్‌కు యాక్టివిటీ పెరగకపోతే మాత్రం శుద్ధి జరగనట్టే.

ఇక ఎంపిక సంగతి. 4 కార్బన్ల బ్యుటిరేట్ నుంచి 16 కార్బన్ల పామిటేట్ దాకా పారా-నైట్రోఫినైల్ ఎస్టర్లు (కొవ్వు ఆమ్లానికి రంగునిచ్చే అణువు తగిలించినవి) ఇచ్చి చూస్తారు. ఎంజైమ్ తెంపితే పసుపు రంగు వస్తుంది, దాన్ని 410 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. పొట్టి గొలుసులను మాత్రమే తెంపితే అది బహుశా లైపేజ్ కాదు, దాని బంధువైన ఎస్టరేజ్ అనే ఎంజైమ్.

నా మటుకు ఈ రంగు పరీక్ష ఒక్కటే చాలదు, అవి అసలు కొవ్వులు కావు కదా! ట్రైఓలీన్ అనే అసలు కొవ్వును (గ్లిసరాల్ మీది మూడు స్థానాల్లోనూ కొవ్వు ఆమ్లం ఉన్నది) ఇచ్చి, వచ్చిన పదార్థాలను పల్చటి పొర క్రొమటోగ్రఫీలో చూడాలి. ఒక ఆమ్లం ఊడితే డైగ్లిజరైడ్ మిగులుతుంది, దాని పేరులోని అంకెలు మిగిలిన ఆమ్లాల స్థానాలు. 1,3-డైగ్లిజరైడ్ లేకుండా 1,2 రకమే కనిపిస్తే, ఎంజైమ్ చివరి స్థానాలనే కోస్తోందన్నమాట. రైజోమ్యూకర్ మీహై అనే బూజు లైపేజ్ అలాంటిదే. అయితే ఎక్కువసేపు ఉంచితే కొవ్వు ఆమ్లం తనంతట తానే చోటు మారి మనల్ని బోల్తా కొట్టిస్తుంది, అందుకే నమూనాను తొలి నిమిషాల్లోనే తీయాలి.