క్రిస్మస్ విందుకు ఏ రెడ్ వైన్ కొనాలి?

ప్రశ్న: డిసెంబరు 25 రాత్రి మా ఇంట్లో పదిమంది పెద్దలకు భోజనం పెడుతున్నాము. పులావు, మటన్ కూర, కోడి వేపుడు, చివర ప్లమ్ కేకు చేయాలని అనుకున్నాము. గత ఏడాది తెలిసినవారి సలహాతో ఖరీదైన విదేశీ రెడ్ వైన్ రెండు సీసాలు కొన్నాము. కూరతో కలిపి తాగేసరికి నోరంతా వగరెక్కి, కారం రెట్టింపు మండినట్లు అనిపించింది. మా మామయ్యగారు ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేశారు. ఈసారి తక్కువ ఖర్చులో అందరూ ఇష్టపడేది ఎలా ఎంచుకోవాలి? ఎన్ని సీసాలు తేవాలి?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: మీరు కొన్న వైన్ మంచిదే అయి ఉండవచ్చు, మీ కూరకు మాత్రం అది తగినది కాదు. రెడ్ వైన్‌లోని వగరుకు కారణం ద్రాక్ష తొక్కల్లోనూ గింజల్లోనూ ఉండే టానిన్లు. నేరేడు పండ్లు గుప్పెడు తిన్నాక నాలుక బిగుసుకుపోయినట్లు ఉండడం కూడా ఇలాంటి పదార్థాల పనే. ఉప్పు, మిరియాలు మాత్రమే చల్లి కాల్చిన కొవ్వు మాంసంతో ఈ వగరు చక్కగా కుదురుతుంది, ఎందుకంటే టానిన్లు మాంసంలోని మాంసకృత్తులను పట్టుకొని మెత్తబడతాయి. ఎండుమిరప కారం తోడైతే ఫలితం వేరు. మిరపకాయ మంటను గుర్తించే నాడులనే ఆల్కహాల్ కూడా రేపుతుంది, వగరు ఆ మంటను మరింత నిలబెడుతుంది. ఖరీదైన రెడ్ వైన్‌లలో చాలా వాటిని ఓక్ చెట్టు చెక్కతో చేసిన పీపాల్లో నిలవ ఉంచి, వగరుగానూ ఘాటుగానూ తయారుచేస్తారు కనుక, మన కారపు కూరల పక్కన ఎక్కువ డబ్బు పెట్టి ఎక్కువ ఇబ్బంది కొనుక్కున్నట్లు అవుతుంది.

కాబట్టి ధర కంటే ముందు కూరను చూడండి. మీకు కావలసినది వగరు తక్కువగా, పండు రుచి ముందుకు వచ్చేలా, లేబుల్ మీద ఆల్కహాల్ 13 శాతానికి అటూ ఇటూగా ఉండే తేలికైన వైన్. మెర్లో, పినో న్వార్ ద్రాక్షలతో చేసినవి సాధారణంగా ఈ కోవలోకి వస్తాయి. కాబెర్నే సావిన్యోన్ ద్రాక్షతో చేసినది వగరు ఎక్కువ గలది. మన దేశపు సీసాల్లో నాసిక్‌కు చెందిన సులా వారి జిన్‌ఫాండెల్ దొరికితే మసాలా కూరలతో ప్రయత్నించవచ్చు. మటన్‌లో గోంగూర గానీ, ఎక్కువ టమాటా గానీ వేసే ఆలోచన ఉంటే మరొక సంగతి గుర్తుంచుకోవాలి: కూరకున్నంత పులుపు వైన్‌కు లేకపోతే వైన్ చప్పగా తోస్తుంది. అప్పుడు సహజంగా పులుపు గల సాంజియోవేసే ద్రాక్షను నేను ఎంచుకుంటాను. ఇటలీకి చెందిన ఈ రకాన్ని సోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రాటెల్లి వారు పండిస్తున్నారు. కర్ణాటకలోని నంది కొండల దగ్గరి గ్రోవర్ జాంపా వారి లా రిజర్వ్ మంచి వైన్, కానీ వగరు గలది కనుక దానిని కారం తక్కువగా ఉండే రోస్ట్ చేసిన రోజుకు దాచుకోండి.

దేశీయ సీసాలనే ముందుగా చెప్పడానికి కారణం అభిమానం ఒక్కటే కాదు. దిగుమతి వైన్ మీద ఏళ్ల తరబడి 150 శాతం కస్టమ్స్ సుంకం ఉంటూ వచ్చింది. 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చిన భారత్-ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందం వల్ల ఆస్ట్రేలియా నుంచి వచ్చే, దిగుమతి ధర 5 డాలర్ల నుంచి 15 డాలర్ల లోపు ఉన్న సీసాలపై అది మొదట 100 శాతానికి తగ్గింది. అయినా విదేశీ సీసాకు మీరిచ్చే డబ్బులో పెద్ద భాగం సుంకానికే పోతుంది కనుక, అదే ధరకు దేశీయ వైన్‌లో మెరుగైన సరుకు దొరుకుతుంది.

దుకాణంలో పంట సంవత్సరం చూడండి. మన దేశంలో వైన్ ద్రాక్షను ఎక్కువగా జనవరి నుంచి మార్చి వరకు కోస్తారు. తక్కువ ధర రెడ్ వైన్ నిలవ పెరిగే కొద్దీ బాగుపడేది కాదు కనుక రెండు మూడేళ్ల లోపు పంటనే తీసుకోండి. ఎండ తగిలే అద్దాల బీరువాలోనో, వేడెక్కే దీపాల కిందో నిలబెట్టిన సీసాను, బిరడా పైకి ఉబికిన సీసాను వదిలేయండి. మన తీరప్రాంతపు వేడిలో మంచి వైన్ కూడా నెలల్లోనే ఉడికిన పండు రుచికి దిగిపోతుంది.

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైనది, పైసా ఖర్చు లేనిది. రెడ్ వైన్‌ను గది వేడిమిలో వడ్డించాలన్న మాట ఐరోపాలోని చల్లని గదులను, అంటే 16 నుంచి 18 డిగ్రీలను దృష్టిలో ఉంచుకొని పుట్టింది. విశాఖలో డిసెంబరు రాత్రి అయినా, వంటింటి సెగతో, పదిమంది కూర్చున్న గదిలో అంత చల్లదనం ఉండదు. వెచ్చబడిన వైన్‌లో ఆల్కహాల్ ఘాటు ముక్కుకు కొడుతుంది, పండు రుచి అణిగిపోతుంది. వడ్డించడానికి ముందు సీసాను అరగంట నుంచి ముప్పావు గంట ఫ్రిజ్‌లో ఉంచండి, గ్లాసును మూడో వంతు మించి నింపకండి. మా ఇంట్లో ఒకే వైన్‌ను వెచ్చగా ఒకసారి, చల్లబరచి ఒకసారి పోసి చూశాము. రెండూ ఒకే సీసాలోవంటే ఎవరూ నమ్మలేదు.

750 మిల్లీలీటర్ల సీసాకు 150 మిల్లీలీటర్ల చొప్పున ఐదు గ్లాసులు వస్తాయి. పదిమందికి రెండేసి గ్లాసుల లెక్కన నాలుగు సీసాలు సరిపోతాయి. తాగనివారికి నల్లద్రాక్ష రసం కూడా అంతే శ్రద్ధగా చల్లబరచి ఉంచండి. మిగిలిన వైన్‌కు మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు నిలుస్తుంది.

ఇక మీ మామయ్యగారి సంగతి. క్రిస్మస్‌కు ఇళ్లలో జాడీలో వేసే తీపి ద్రాక్ష వైన్‌కు అలవాటుపడిన పెద్దలకు తీపి లేని రెడ్ వైన్ వెంటనే రుచించదు. వారిని బలవంతం చేయకండి. తీపి కోరేవారికి పోర్ట్ అనే వైన్ ఉంది. పోర్చుగల్‌లోని డౌరో లోయలో, ద్రాక్షరసం పూర్తిగా పులియక ముందే ద్రాక్ష నుంచి తీసిన మద్యాన్ని కలిపి, తీపి మిగిలేలా చేసేది అసలైన పోర్ట్. మన దుకాణాల్లో ఆ పేరుతో దొరికే చవక తీపి వైన్ వేరు. అయినా అందులోనే ఒక చిన్న సీసా తెచ్చి, కూరతో కాకుండా ప్లమ్ కేకు ముక్కతో పాటు చిన్న గ్లాసులో ఆయనకు ఇచ్చి చూడండి.