కుక్క చనిపోయాక మామయ్యగారు అన్నం మానేశారు.. తెల్లవారుజామున చెమటలు, కేకలు బెంగ వల్లేనా?

ప్రశ్న: మాది తెనాలి. మా మామయ్యగారికి 71 ఏళ్లు. విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. పన్నెండేళ్లుగా మా ఇంట్లో ఉన్న పొమేరియన్ కుక్క టైగర్ నెల క్రితం చనిపోయింది. కిడ్నీలు దెబ్బతిన్నాయని పశువుల డాక్టర్ అంతకు మూడు నెలల ముందే చెప్పారు. సెలైన్లు పెట్టించినా దక్కలేదు. దాన్ని ఇంటికి తెచ్చింది మా అత్తయ్యగారు. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. అప్పటి నుంచి మామయ్యగారికి లోకమంతా టైగరే. పొద్దున, సాయంత్రం దాన్ని తీసుకుని కాలవగట్టు దాకా నడిచేవారు. ఐదింటికి టీతో పాటు ఆయనకు రెండు మారీ బిస్కెట్లు, దానికి ఒకటి. ఇప్పుడు నడక లేదు, టీ కూడా వద్దంటున్నారు. రాత్రి రెండు ముద్దలు తిని లేచిపోతున్నారు. గేటు దగ్గర దాని గోళ్ల చప్పుడు వినిపిస్తోందంటారు. ‘నా బిస్కెట్లే దాన్ని చంపాయి’ అని ఒకటే బాధ. వారం క్రితం తెల్లవారుజామున నాలుగింటికి ఒళ్లంతా చెమటలతో లేచి, ‘టైగర్ బయటే ఉండిపోయింది, గేటు తీయండి’ అని కేకలేశారు. నన్ను కూడా గుర్తుపట్టలేదు. పంచదార వేసి పాలు ఇస్తే కాసేపటికి మామూలు మనిషయ్యారు. షుగర్‌కు గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర రెండు పూటలా, బీపీకి ఒక మాత్ర వాడతారు. తిండి ఎలా ఉన్నా మాత్రలు మాత్రం నేను తప్పకుండా వేస్తున్నాను. బంధువులు ‘కుక్క కోసం ఇంత బెంగా, మతి చలించిందేమో’ అంటున్నారు. మా ఏడేళ్ల బాబు కూడా రాత్రిళ్లు ఒంటరిగా పడుకోవడం లేదు. పోయిన ఏడాది పుట్టినరోజుకు టైగర్‌కు చాక్లెట్ కేకు ముక్క పెట్టానని, అందుకే చచ్చిపోయిందని నా చెవిలో చెప్పాడు. ఇద్దరినీ మానసిక వైద్యులకు చూపించాలా? కొత్త కుక్కపిల్లను తెస్తే సర్దుకుంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు అడిగిన వాటికంటే ముందు ఆ తెల్లవారుజాము సంగతి మాట్లాడుకోవాలి. అది మతి చలించడం కాదమ్మా. రక్తంలో షుగర్ బాగా పడిపోయి ఉండాలి. ఒళ్లంతా చెమటలు, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, తీపి కడుపులో పడగానే తేరుకోవడం.. ఈ మూడూ కలిసి వస్తే మేం మొదట అనుమానించేది దాన్నే. ఆ సమయంలో మెదడుకు గ్లూకోజ్ అందక మనిషి తికమకపడతాడు. మనసులో ఏది ఉంటే అదే నోట వస్తుంది. ఆయన మనసులో టైగర్ ఉంది కాబట్టి టైగర్ పేరు పలికారు. దాంతో ఇంట్లో అందరూ బెంగ అనుకున్నారు.

కారణం మాత్రలోనే ఉంది. గ్లిమిపిరైడ్ పాంక్రియాస్ చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. మనిషి అన్నం తిన్నాడా లేదా అన్నది దానికి పట్టదు. దాని ప్రభావం దాదాపు రోజంతా ఉంటుంది. రాత్రి రెండు ముద్దలు తిని మాత్ర వేసుకుంటే, తెల్లారేలోగా షుగర్ పడిపోవడంలో వింత లేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే ఈ ప్రమాదం చాలా తక్కువ. మీ మామయ్యగారిది రెండూ కలిసిన మాత్ర. ‘మాత్ర మానితే షుగర్ పెరుగుతుంది’ అన్న భయంతో మన ఇళ్లలో తిండి తిన్నా తినకపోయినా మాత్ర మాత్రం వేసేస్తారు. ఈ రకం మాత్రకు ఆ పద్ధతి పనికిరాదు. భోజనం చేయని పూట, లేదా పేరుకు రెండు ముద్దలు తిన్న పూట గ్లిమిపిరైడ్ ఉన్న మాత్ర వేయకండి. ఇది ఒకటి రెండు రోజుల ఏర్పాటు మాత్రమే. ఆయనను చూసే డాక్టర్‌కు ఇవాళే ఫోన్ చేసి, ఆ రాత్రి జరిగింది చెప్పి, డోసు తగ్గించాలా, మాత్రే మార్చాలా అని అడగండి. 71 ఏళ్ల మనిషికి షుగర్ కాస్త పైన ఉన్నా ఫరవాలేదు, పడిపోకూడదు. పడిపోతే కింద పడి తుంటి ఎముక విరగొచ్చు. ఫిట్స్ రావచ్చు. నిద్రలోనే స్పృహ తప్పిపోవచ్చు.

ఇంట్లో గ్లూకోమీటర్ లేకపోతే కొనండి. కొత్త డోసు కుదిరేదాకా పొద్దున పరగడుపున, రాత్రి పడుకునే ముందు చూడండి. వీలైతే రెండు మూడు రోజులు తెల్లవారుజామున కూడా. 70 కంటే తగ్గితే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి గానీ పంచదార గానీ నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట ఆగి మళ్లీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నారు కదా అని వదిలేయకుండా ఇడ్లీయో, పెరుగన్నమో పెట్టాలి. లోపల మాత్ర ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, షుగర్ మళ్లీ పడిపోగలదు. అలాంటి రోజున డాక్టర్‌కు చూపించడం వాయిదా వేయొద్దు. స్పృహలో లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేయండి.

చెమటలు పట్టినప్పుడు మీటర్‌లో షుగర్ మామూలుగా ఉంటే అప్పుడు గుండె గురించి ఆలోచించాలి. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు ఒక్కోసారి నొప్పి లేకుండా చెమటలు, ఆయాసంతోనే వస్తుంది. దుఃఖం కూడా గుండెను తాత్కాలికంగా దెబ్బతీయగలదు. పెంపుడు కుక్క పోయాక అలా గుండె బలహీనపడిన ఒక అమెరికా మహిళ కేసు 2017లో ‘న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చింది. ఇది అరుదే. అయినా ఛాతీ బరువుగా ఉందన్నా, ఆయాసం వచ్చినా ‘బెంగలే’ అనుకోకుండా వెంటనే ఈసీజీ తీయించండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు కొన్ని రక్తపరీక్షలు కూడా అడగండి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), సోడియం, హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12. క్రియాటినిన్ ముఖ్యం. కిడ్నీలు మందగిస్తే ఈ మాత్ర ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బీ12 తగ్గుతుంది. దానివల్ల కూడా నీరసం, దిగులు, మతిమరుపు వస్తాయి. పెద్దవాళ్లు తిండి తగ్గించినప్పుడు ఇంట్లో ఒక కారణం కళ్లముందు కనబడుతుంటే, రెండో కారణం కోసం ఎవరూ వెతకరు.

గోళ్ల చప్పుడు సంగతి వేరు. దాన్ని ఆ తెల్లవారుజాము ఘటనతో కలపకండి. పన్నెండేళ్లు రోజూ విన్న చప్పుడు నెలకే చెవుల్లోంచి పోదు. భర్త పోయిన భార్యకు ఆయన చెప్పుల చప్పుడు వినిపించినట్టుండడం మనకు తెలిసిందేగా, ఇదీ అలాంటిదే. చప్పుడు విని, తల తిప్పి చూసి, లేదని తెలుసుకుని ఊరుకుంటే అది జబ్బు కాదు. ‘లేదు నాన్నా, నీ భ్రమ’ అని మీరెవరూ సరిదిద్దనక్కర్లేదు. ‘నాకూ ఒక్కోసారి అలాగే అనిపిస్తుంది మామయ్యా’ అంటే చాలు, అది నిజమైతేనే అనుకోండి.

బంధువుల మాటకు వస్తే, వాళ్లు చూస్తున్నది కుక్కను మాత్రమే. టైగర్‌ను తెచ్చింది మీ అత్తయ్యగారని మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. ఆవిడ పోయినప్పుడు ఇంటినిండా జనం ఉండి ఉంటారు, దినాలు, పనులు, లెక్కలు. మగవాడు, ఇంటిపెద్ద ఏడవడానికి అక్కడ చోటుండదు. ఆ తర్వాత నాలుగేళ్లు ఆవిడ తెచ్చిన కుక్కతో కాలం గడిపారు. ఇప్పుడు రెండు దుఃఖాలూ కలిసి వచ్చాయని నాకు అనిపిస్తోంది. కుక్క పోతే పరామర్శకు ఎవరూ రారు, సెలవూ లేదు, కర్మా లేదు, బయటికి చెబితే నవ్వుతారు. అందుకే మనిషి లోపల్లోపల కుమిలిపోతాడు. ఒకరోజు తీరిగ్గా కూర్చుని అత్తయ్యగారు టైగర్‌ను ఎలా తెచ్చారో ఆయన చేతే చెప్పించండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

బిస్కెట్ల గురించి ఆయనకు గట్టిగా చెప్పొచ్చు. రోజుకో మారీ బిస్కెట్ తిని కుక్క కిడ్నీలు పాడవ్వవు. తీపి, పిండి ఎక్కువైతే ఒళ్లు వస్తుంది, పళ్లు పాడవుతాయి, అంతే. పన్నెండేళ్లంటే పొమేరియన్‌కు ముసలితనం. ఆ వయసు కుక్కల్లో కిడ్నీ జబ్బు తరచుగా వచ్చేదే. పైగా కిడ్నీల్లో చాలా భాగం పోయేదాకా బయటికి ఏమీ కనబడదు, కనుక ముందే గమనించలేకపోయామన్న బాధా అక్కర్లేదు. కిడ్నీలను నిజంగా దెబ్బతీసేవి ద్రాక్షపళ్లు, కిస్‌మిస్‌లు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను నాశనం చేస్తాయి. పంచదారకు బదులు జైలిటాల్ వేసిన చూయింగ్ గమ్‌లు దాని షుగర్‌ను పడగొడతాయి. చాక్లెట్ కూడా విషమే. కానీ దాని ప్రభావం కొన్ని గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో వాంతులు, గుండెదడ, ఫిట్స్ రూపంలో కనబడుతుంది. పోయిన ఏడాది తిన్న కేకు ముక్కకూ ఈ ఏడాది కిడ్నీ జబ్బుకూ సంబంధం లేదు. ఈ మాట నేను చెప్పినా, మీరు చెప్పినా వాళ్లు నమ్మకపోవచ్చు. తాతనూ మనవణ్నీ కలిపి టైగర్‌కు వైద్యం చేసిన పశువుల డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లండి. ఆయన నోటితో వింటే ఇద్దరి మనసూ తేలికపడుతుంది. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు అదే నేరం మోస్తున్నారు చూశారా!

మీరు అడగలేదు గానీ ఇంకో సంగతి. కుక్కకు కిడ్నీలు ఉన్నట్టుండి, జ్వరం, కామెర్లతో దెబ్బతింటే అది లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా వల్ల కావచ్చు. కుక్క మూత్రం ద్వారా మనుషులకూ అంటుతుంది. టైగర్‌ది నెలల తరబడి సాగిన జబ్బు, పోయి నెలయింది, ఇంట్లో ఎవరికీ జ్వరం లేకపోతే మీకు ఆ భయం అక్కర్లేదు.

బాబుకు ఏడేళ్లు. పోయినవాళ్లు తిరిగిరారని పిల్లలకు అర్థమవుతూ ఉండే వయసు అది. ఎవరైనా వాడితో ‘టైగర్ నిద్రపోయింది’ అన్నారేమో కనుక్కోండి. నిద్రపోతే లేవనని భయపడే పిల్లలున్నారు, ఒంటరిగా పడుకోకపోవడానికి అదీ కారణం కావచ్చు. ‘టైగర్‌కు ముసలితనం వచ్చింది, కిడ్నీలు పనిచేయలేదు, చనిపోయింది, నొప్పి ఇక లేదు’ అని ఉన్నదున్నట్టు చెప్పండి. ‘నువ్వు చేసిన దేనివల్లా కాదు’ అన్నది రెండు మూడుసార్లు చెప్పాలి. కొన్నాళ్లు మీ పక్కన పడుకోబెట్టుకుంటే చెడిపోడు. బడికి వెళ్లి ఆడుకుంటూ, తింటూ ఉంటే డాక్టర్ అవసరం లేదు. నెలన్నర దాటినా పీడకలలు, పక్క తడపడం, బడికి వెళ్లనని మారాం ఉంటే పిల్లల డాక్టర్‌ను కలవండి.

మామయ్యగారికి మానసిక వైద్యుడు కావాలా అంటే, ముందు షుగర్ సర్దుబాటు చేసి రెండు వారాలు చూడండి. ఆ తర్వాతా రోజులో ఎక్కువసేపు దిగులుగానే ఉండడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, తిండి పట్టకపోవడం, బరువు తగ్గడం కొనసాగితే అది డిప్రెషన్. దానికి మంచి మందులున్నాయి, చూపించాలి. ‘నేనూ పోతే బాగుండు’ అని ఒక్కసారి అన్నా రెండు వారాలు ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళైనా ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. నిద్ర పట్టట్లేదని మందుల షాపులో అల్‌ప్రజోలమ్ అడిగి తెచ్చి మాత్రం వేయకండి. ఈ వయసులో తూలి పడతారు, మతిమరుపు పెరుగుతుంది. మత్తులో ఉంటే షుగర్ పడిపోయినా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆయన నడకను మాత్రం వెంటనే మొదలుపెట్టించండి. ఆయనను రోజుకు రెండుసార్లు గుమ్మం దాటించిందీ, నలుగురితో మాట్లాడించిందీ, వేళకు టీ తాగించిందీ టైగరే. అవన్నీ ఒక్కరోజులో పోయాయి. ‘వాకింగ్‌కు వెళ్లండి’ అంటే వెళ్లరు. ‘బాబును ట్యూషన్ నుంచి తీసుకురండి మామయ్యా’ అని పని అప్పజెప్పండి. మొదట్లో కాలవగట్టు వైపు వద్దంటే వేరే దారి చూడండి. జేబులో గ్లూకోజ్ పొట్లం ఉంచండి. ఐదింటి టీ, రెండు బిస్కెట్లు ఆయనకు ఇవ్వండి, షుగర్ ఉందని వాటినీ కోయకండి. రెండు బిస్కెట్లలో ఉండే పిండిపదార్థం ఎనిమిది గ్రాములకు అటూ ఇటూ. రాత్రి ఒకేసారి నిండుగా తినలేకపోతే ఏడింటికి ఒక ఇడ్లీ, తొమ్మిదింటికి కొంచెం పెరుగన్నం అని విడగొట్టండి.

కొత్త కుక్కపిల్ల ఇప్పుడే వద్దు. ఆయన నోటితో ఆయన అడిగేదాకా ఆగండి. చెప్పకుండా తెచ్చి ఒళ్లో పెడితే, టైగర్ చోటును ఇంకొకటితో నింపుతున్నారని కోపం రావచ్చు. దాని గొలుసు, పళ్లెం కూడా ఆయన చెప్పకుండా తీసేయకండి. పిల్ల కుక్క కాళ్లకు అడ్డం పడుతుంది, గొలుసు లాగుతుంది, గోళ్లతో గీరుతుంది. షుగర్ ఉన్న పెద్దాయన కాళ్లకు అది మంచిది కాదు. తీరా తెచ్చుకోవాలనుకుంటే మూడు నాలుగేళ్ల నెమ్మదైన దేశీ కుక్క నయం. ఈలోగా బాబు వీధి కుక్కలకు బిస్కెట్లు పెట్టడం మొదలుపెడితే పక్కన పెద్దవాళ్లు ఉండాలి. కరిచినా, గీరి చర్మం చిట్లినా పావుగంట సేపు ధారగా పడే నీళ్లతో, సబ్బుతో కడిగి, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లి రేబిస్ టీకా వేయించండి. పసుపు, సున్నం పెట్టి ఊరుకోవద్దు.