ఫిల్టర్ పెట్టినా పాప పిన్నికే చెప్పుకుంది

ప్రశ్న: మాది విజయవాడ. ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. హోమ్‌వర్క్ అంతా వాట్సాప్ గ్రూపులోనే వస్తుంది కాబట్టి ఫోన్ ఇవ్వక తప్పలేదు. వైఫైకి ఫిల్టర్ పెట్టాను, రాత్రి తొమ్మిదికి నెట్ ఆపేస్తాను. పోయినేడాది క్లాసులో ఒక అబ్బాయి ‘గుడ్ నైట్’ అని మెసేజ్ పెడితే, భయం ఉండాలని వారం రోజులు ఫోన్ లాక్కున్నాను. అయినా ఈమధ్య గేమ్ చాట్‌లో ఎవడో ఇంటర్ చదువుతున్నానని పరిచయమయ్యాడు. మామూలు ఫొటో ఒకటి పంపించింది. ఆ తర్వాత వేరే రకం ఫొటోలు అడిగి, పంపకపోతే ‘మీ నాన్నకి అన్నీ చెప్తా’ అని బెదిరించాడట. పాప పంపలేదు. దసరా సెలవులకు గుంటూరు వెళ్లి మా మరదలికి చెప్పుకుంది. ఆమె స్క్రీన్‌షాట్లు తీసి, వాణ్ణి బ్లాక్ చేసి, మా ఆవిడకు చెప్పింది. ఇద్దరూ నా దగ్గర దాచారు. తెలిశాక ఫోన్ తీసేసుకుని, మరదల్ని మా గడప తొక్కొద్దన్నాను. అమెరికా స్కూళ్లలో ఇవన్నీ బ్లాక్ చేస్తారట, మనవాళ్లకు పట్టదు. పిల్లలు దాటలేని ఫిల్టర్, వాళ్ల మెసేజ్‌లన్నీ మనకు కనిపించే యాప్ ఏదో చెప్పండి.

జవాబు: పిల్లలు దాటలేని ఫిల్టర్ లేదండీ. రూటర్‌లో క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ వాళ్ల 1.1.1.3 లాంటి డీఎన్ఎస్ (ఏ సైటు ఎక్కడుందో ఫోన్‌కు చెప్పే సర్వీసు) పెడితే బూతు సైట్లు చాలావరకు తెరుచుకోవు. డబ్బు కట్టక్కర్లేదు. యూట్యూబ్‌లో పెద్దల వీడియోలను చాలావరకు దాచే రిస్ట్రిక్టెడ్ మోడ్ కూడా ఆన్ చేయండి. కానీ రూటర్ ఫిల్టర్ ఇంటి వైఫై వరకే. సిమ్ డేటా ఆన్ చేసినా, ఫిల్టర్‌ను తప్పించి వేరే దారిలో నెట్‌కు వెళ్లే వీపీఎన్ యాప్ వేసుకున్నా దానికి పని ఉండదు. ఫిల్టర్ ప్రశ్నకు ఇంతకంటే చెప్పేదేం లేదు, ఎందుకంటే మీ ఇంటికి వచ్చిన ఆపద సైటు రూపంలో రాలేదు. మనిషి రూపంలో వచ్చింది. తీయగా మాట్లాడే మనిషిని ఏ ఫిల్టరూ పట్టుకోలేదు.

అమెరికా సంగతి ఎత్తారు కాబట్టి చెప్తున్నాను. ఇంటర్నెట్‌కు ప్రభుత్వ రాయితీ తీసుకునే స్కూళ్లు ఫిల్టర్లు పెట్టి తీరాలని అక్కడ 2000లో చట్టం చేశారు. అది చాలలేదు. చాట్‌లో, సోషల్ మీడియాలో ఎవరితో ఎలా మసలుకోవాలో కూడా ఆ స్కూళ్లు పిల్లలకు నేర్పాలని 2008లో ఇంకో చట్టంతో కలిపారు. మీ స్కూల్ వాళ్లను అడగాల్సిందీ అదే. పేరెంట్స్ మీటింగ్‌లో గట్టిగా అడగండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. వాడు ఏమని బెదిరించాడో మీరే రాశారు, మళ్లీ ఒకసారి చదువుకోండి. ‘పోలీసులకు చెప్తా’ అనలేదు, ‘ఊరంతా చెప్తా’ అనలేదు. ‘మీ నాన్నకి చెప్తా’ అన్నాడు. కబుర్ల మధ్యలో ‘మా నాన్నకి తెలిస్తే చంపేస్తాడు’ అని పాప ఎప్పుడో అని ఉంటుంది, వాడు దాన్నే పట్టుకున్నాడు. మీ అమ్మాయి మీద వాడు ఎత్తిన కత్తి మీ కోపమే. మీకు బాధ కలుగుతుందని తెలుసు, అయినా చెప్పక తప్పదు.

‘గుడ్ నైట్’ అన్నది ఆ అబ్బాయి, ఫోన్ పోయింది మీ అమ్మాయిది. నాన్నకు తెలిస్తే శిక్ష మనకే పడుతుందని ఆరోజే ఆ పిల్లకు అర్థమైంది. మీ భార్యకు కూడా అర్థమైనట్టుంది, లేకపోతే కట్టుకున్న భర్త దగ్గర ఇంత పెద్ద సంగతి ఎందుకు దాస్తుంది? తండ్రంటే కాస్త జంకు ఉంటే తప్పేం లేదు, నేనూ ఆ పెంపకంలోనే పెరిగాను. ఆపదలో కూడా నోరు విప్పలేనంత భయం మాత్రం పిల్లకు రక్షణ కాదు.

ఇంత భయంలోనూ మీ అమ్మాయి రెండు మంచి పనులు చేసింది. వాడడిగిన ఫొటోలు పంపలేదు. నమ్మిన పెద్దమనిషికి చెప్పుకుంది. ఆ పెద్దమనిషి మీరు కాలేదన్న ఉక్రోషం మరదలి మీద చూపించారు. ఆవిడ ఆ పూట పిల్లను నాలుగు తిట్టి పంపించి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. పిన్ని గడప కూడా మూసేస్తే, రేపు ఇంకొకడు బెదిరిస్తే పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది? ఆవిడకు మీరు చేతులెత్తి దండం పెట్టాలి.

మెసేజ్‌లన్నీ చదివే యాప్ వద్దు. నాన్న చదువుతున్నాడని తెలిసిన రోజు నుంచి మాటలు స్నేహితురాలి ఫోన్‌లోకి మారతాయి, మీకు కనిపించేది హోమ్‌వర్కే.

వాణ్ణి మాత్రం వదలొద్దు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్ని ఇలాంటి ఫొటోలు అడిగి వేధించడం పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం కింద నేరం. ఆ స్క్రీన్‌షాట్లు జాగ్రత్త చేయండి, చాట్ డిలీట్ చేయొద్దు. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల కోసం వేరే విభాగం ఉంది, అక్కడ ఫిర్యాదు ఇవ్వండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా దారి చెప్తారు. ఆడపిల్లను స్టేషన్ మెట్లెక్కించాలా అని వెనకాడకండి. వాంగ్మూలం ఇంటి దగ్గరే, వీలైనంతవరకు మహిళా ఎస్సై తీసుకోవాలని, పోలీసులు యూనిఫాంలో రాకూడదని ఆ చట్టమే చెబుతోంది. పాప పేరు బయటపెట్టకూడదని కూడా ఉంది.

ముందు అమ్మాయి దగ్గర కూర్చోండి. ‘నీ తప్పేం లేదు. నాకు చెప్పడానికి భయపడేలా చేసింది నేనే’ అని మీ నోటితో అనండి. పక్కన వాళ్లమ్మను కూడా కూర్చోబెట్టుకోండి, ‘నా దగ్గరెందుకు దాచావ్’ అన్న మాట మాత్రం ఆవిడను అడగొద్దు. ఫోన్ తిరిగి ఇచ్చేయండి. రాత్రి తొమ్మిదికి నెట్ ఆపే నియమం ఉంచుకోండి, అది మీకూ వర్తిస్తుందని చెప్పండి. ఈ ఆదివారం మీ మరదలికి మీరే ఫోన్ చేసి భోజనానికి రమ్మనండి. మీ ఆవిడ చేత చేయించొద్దు.