మాటను మాటగా వినడం

ప్రశ్న: పుస్తకాల్లో ఇంత భాష అచ్చై సిద్ధంగా ఉండగా, భాషా శాస్త్రవేత్తలు మనుషుల సంభాషణలను పనిగట్టుకొని రికార్డు చేయడం ఎందుకు? మాటకూ రాతకూ అంత తేడా ఉందా?

జవాబు: చాలా ఉంది. రాతను దిద్దుకోవచ్చు, మాట పలికిన క్షణంలోనే కరిగిపోతుంది. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్‌ను కనిపెట్టేవరకూ పలికిన మాటను నిలిపి ఉంచి మళ్లీ వినే సాధనమే లేదు. నేటి పరిశోధకులు సహజ సంభాషణను రికార్డు చేసి, తడబాట్లు, సగంలో ఆగిన పదాలు, ఒకరి మాటపై మరొకరి మాట పడిన చోట్లతో సహా విన్నది విన్నట్టు రాసుకుంటారు. ఉచ్చారణ కోసం అంతర్జాతీయ ధ్వని లిపిని వాడతారు. ధ్వనిని స్పెక్ట్రోగ్రామ్ అనే చిత్రంగా మార్చి చూసినప్పుడు పదానికీ పదానికీ మధ్య చాలాచోట్ల ఖాళీయే కనిపించదు. ఆ ఎడం ఎక్కువగా రాత మనకు చేసిన అలవాటు.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది సంభాషణలో ఒకరి తర్వాత ఒకరు మాట అందుకునే వంతుల వ్యవహారం. 2009లో వెలువడిన ఒక అధ్యయనం పది భాషల్లో ప్రశ్నకూ జవాబుకూ మధ్య విరామాన్ని కొలిచినప్పుడు, అది సగటున సెకనులో ఐదో వంతు దగ్గరే తేలింది. ఒక బొమ్మను చూసి దాని పేరు పలకడానికే అర సెకనుకు పైగా పడుతుంది కనుక, ఎదుటివారు ముగించకముందే వినేవారు తమ జవాబును సిద్ధం చేసుకుంటున్నారన్నమాట. అచ్చు పుటలో ఈ సంగతి జాడైనా ఉండదు. రాసేటప్పుడు మనం కొట్టివేసే ‘ఆఁ’, ‘అంటే’ వంటివి కూడా లోపాలు కావు. చెప్పవలసింది ఇంకా ఉందనీ, కాస్త ఆగమనీ వినేవారికి అవి సూచిస్తాయి.